బందరు మీద బాంబు ఎందుకు పడలేదు?

2025 మే 7న సాయంత్రం నాలుగింటికి హైదరాబాదులో సైరన్లు మోగించారు. ఆ తెల్లవారుజామునే ఆపరేషన్ సిందూర్ జరిగింది. యుద్ధం ముదిరితే జనం ఏం చెయ్యాలో నేర్పడానికి దేశమంతా మాక్ డ్రిల్ పెట్టారు, మన వైపు హైదరాబాదు, విశాఖపట్నం కూడా అందులో ఉన్నాయి. ఆ టైముకి మేం ఎప్పట్లాగే కాల్‌లో ఉన్నాం. మా ఆఫీసు దాకా ఏ సైరనూ వినపడలేదు. "మోగిందా? నేను మ్యూట్‌లో ఉన్నానే" అన్నాడు మా టీములో ఒకడు. అందరం నవ్వుకుని మళ్ళీ బగ్గుల్లో పడ్డాం.

నవ్వు ఆ ఒక్క సాయంత్రమే. ఆ వారమంతా ఫోను నిండా ఫార్వర్డులే. రాత్రికి లైట్లు తియ్యాలని ఒకటి, ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని ఇంకొకటి. ఏటీఎంల సంగతి ఉత్తదేనని ప్రభుత్వం ప్రకటించాల్సొచ్చింది. ఆ ప్రకటన వచ్చేలోపే మా అపార్ట్‌మెంటులో సగం మంది క్యూలో నిలబడి వచ్చేసారు. నేను కూడా, దాచడం దేనికి.

ఆ రాత్రి గుడివాడ ఫోన్ చేసి, మాటల్లో సైరన్ల సంగతి చెప్తే మా అమ్మమ్మ వెంటనే అడిగిన ప్రశ్న ఇది: "ఏరా, మళ్ళీ జపాను వాడొచ్చాడా?"

మొదట నవ్వొచ్చింది. తొంభై దాటిన మనిషి, ఏదో కలగలిపేసుకుంటోంది అనుకున్నాను. కానీ ఆవిడ ఏమీ కలగలపలేదు. 1942లో ఆవిడకి తొమ్మిదేళ్ళు. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో ఉండేవాళ్ళు. ఆ ఎండాకాలం మద్రాసు నుంచి ఒక కుటుంబం, విశాఖపట్నం నుంచి ఒక కుటుంబం ట్రంకు పెట్టెలతో సహా వాళ్ళింట్లో దిగిపోయారట. బావి గిలకకి ఆ వేసవంతా విశ్రాంతి లేదట. ఆకాశంలో మోత వినపడితే పిల్లలందర్నీ అరుగు కిందకి తోసేసేవారట. "ఎందుకొచ్చారు వాళ్ళంతా?" అంటే "బాంబులేస్తారని" అంది. "ఎవరు చెప్పారు?" అంటే "అందరూ అన్నారు" అంది.

ఈ "అందరూ అన్నారు" అన్న మాట నన్ను వదల్లేదు. తరవాత కొన్ని వారాలు వీకెండ్లన్నీ ఆ 1942 మీదే పోయాయి. చదివిందాంట్లో నాకు అర్థమైంది చెప్తాను.

ముందు బాంబుల సంగతి. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ అయ్యాక జపాను ఎంత వేగంగా పడమటికి వచ్చిందో తేదీలు చూస్తే తెలుస్తుంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పోయింది, మార్చి 8న రంగూన్ పోయింది, మార్చి 23న అండమాన్ పోయింది. అండమాన్ అంటే మన సముద్రంలోకి వచ్చేసినట్టే. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు వందకు పైగా విమానాలతో కొలంబో మీద పడ్డారు. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో ఇంకో దండు బంగాళాఖాతంలోకి దూరి, కొద్ది రోజుల్లో 20కి పైగా వర్తక ఓడల్ని ముంచేసింది. ఆ దండులో ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక ఉంది. మర్నాడు, అంటే ఏప్రిల్ 6 సోమవారం, దాని మీద నుంచి లేచిన విమానాలే విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసాయి. విశాఖ మీదైతే ఒకే రోజు రెండు సార్లు. ఆ రోజు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖలో బీచ్ రోడ్డు మీదున్న మ్యూజియంలో పెట్టారు. కాలేజీ టూరులో దాని పక్కన నించుని నేను ఫోటో కూడా దిగాను. అది ఎవరు వేసారో, ఎప్పుడు వేసారో బోర్డు చదివే ఓపిక అప్పుడు లేదు.

విమానాలు కొద్దివే. కొలంబోతో పోలిస్తే ఇది దాడి అనడం కన్నా గిల్లిపోవడం అనాలి. చనిపోయిన వాళ్ళు కూడా తక్కువే. ఒక్క ప్రాణమైనా ప్రాణమే గానీ, ఆ యుద్ధం లెక్కల్లో అది చాలా చిన్న సంఖ్య.

మరి ఊరు మొత్తం ఎందుకు ఖాళీ అయింది? పోర్టులో పనిచేసే కూలీల దగ్గర్నుంచి బజార్లో కొట్ల వాళ్ళ దాకా దొరికిన బండి ఎక్కి, దొరక్కపోతే నడిచి ఊళ్ళకి పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మకాం గుంటూరుకి మార్చారు. పిరికితనం అనేస్తే తేలిగ్గా అయిపోతుంది. కానీ వాళ్ళకి తెలిసింది ఏమిటి, తెలియంది ఏమిటి అని చూస్తే అది పిరికితనంలా కనపడదు. దానికి మూడు నెలలు వెనక్కి, రంగూన్‌కి వెళ్ళాలి.

మన కోస్తాలో పాతకాలం వాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవాళ్ళు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి ఏటా వేల మంది స్టీమరెక్కి అక్కడికి కూలికి పోయేవారు. బర్మా వాళ్ళు మనవాళ్ళని "కోరంగీలు" అనేవాళ్ళు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా మనవాళ్ళే. ఇప్పుడు మనం ఆన్‌సైట్ అంటాం చూడండి, తెలుగువాడికి మొట్టమొదటి పెద్ద ఆన్‌సైట్ అదే. వీసా గొడవ లేదు గానీ తిరిగొచ్చే గ్యారంటీ కూడా లేదు.

1941 డిసెంబర్ 23 పొద్దున జపాను విమానాలు రంగూన్ మీదకి వచ్చాయి. అప్పుడు జనం ఏం చేసారో తెలుసా? లోపలికి పరుగెత్తలేదు, వీధుల్లోకి వచ్చి తలెత్తి చూసారు. విమానాలు వరసగా మెరుస్తూ వస్తుంటే వింతగా ఉండి ఉంటుంది. పైన ఉన్నది ఎవరివో, కిందకి వచ్చేది ఏమిటో వాళ్ళలో చాలామందికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. పడ్డ బాంబులు ముక్కలై నాలుగు వైపులా చిమ్మే రకం. గోడ చాటున ఉంటే, కనీసం నేల మీద బోర్లా పడుకుంటే బతికేవాళ్ళే, నిలబడి చూస్తూ పోయారు. రెండు వేల మందికి పైనే చనిపోయారని అంచనా. అందులో రేవు దగ్గర ఉన్న మన కూలీలు ఎంతమందో విడిగా లెక్క కట్టి, పేర్లు రాసుకున్న వాళ్ళు లేరు. రెండు రోజులు తిరక్కుండా క్రిస్‌మస్ నాడు మళ్ళీ వేసారు.

బతికిన వాళ్ళు ఉత్తరంగా ప్రోమ్ దారి పట్టారు. రేవు ఆగిపోతే యుద్ధమే ఆగిపోతుంది కాబట్టి ప్రభుత్వం వాళ్ళలో కొంతమందిని నచ్చజెప్పి వెనక్కి పనిలోకి తెచ్చింది. ఫిబ్రవరి వచ్చేసరికి అదే ప్రభుత్వం రంగూన్ ఖాళీ చెయ్యమంది. టిక్కెట్టుకి డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్ళు ఓడెక్కారు. మిగతావాళ్ళు కొండలు, అడవుల మీదుగా అరకాన్ వైపు, మణిపూర్ వైపు నడిచారు. నాలుగైదు లక్షల మంది భారతీయులు అలా ఇండియాకి చేరారని అంటారు. దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్ళ లెక్క పది వేల దగ్గర మొదలై యాభై వేల దాకా ఉంటుంది. గమనించండి, తప్పుకి తేడా నలభై వేలు! ఒక సర్వర్ పడిపోతే ఏ నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు పోయాయో చెప్పగలిగే రోజుల్లో ఉన్నాం మనం. అక్కడ నలభై వేల మంది ఉన్నారో పోయారో లాగ్‌లో లేదు.

ఇప్పుడు విశాఖకి తిరిగి రండి. 1942 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ బతికొచ్చినవాళ్ళు శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఒక్కొక్క ఊరికీ చేరుతున్నారు. చిక్కి శల్యమై, చేతిలో మూట కూడా లేకుండా. వాళ్ళు చూసింది చెప్తున్నారు. మరో పక్క పేపర్ల మీద సెన్సారు. భారత రక్షణ నిబంధనల కింద పుకారు పుట్టించడం నేరం. ప్రభుత్వం మాటేమో అంతా సవ్యంగా ఉంది, కంగారు పడొద్దు. గుమ్మంలో నించున్న మనిషి చెప్పేది నమ్మాలా, గోడ మీద అంటించిన నోటీసు నమ్మాలా? ఏప్రిల్ 6న బాంబు పడగానే నోటీసు అబద్ధమని తేలిపోయింది. ఇంక ఊరు ఆగుతుందా?

ప్రొడక్షన్ పడిపోయినప్పుడు మన స్టేటస్ పేజీ ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటే కస్టమర్లు ఏం చేస్తారో మనకి తెలుసు. పది నిమిషాల అవుటేజ్‌ని క్షమిస్తారు. ఆ ఆకుపచ్చ చుక్కని మాత్రం క్షమించరు. తరవాత ఆర్నెల్ల పాటు మనం నిజం చెప్పినా నమ్మరు. 1942లో తెల్లదొరల స్టేటస్ పేజీ చివరి దాకా ఆకుపచ్చగానే ఉంది.

మద్రాసులో ఇంకా విచిత్రం. అక్కడ ఆ నెలలో బాంబే పడలేదు. జపాను దండు వస్తోందన్న వార్తతోనే, అవసరం లేనివాళ్ళు ఊరొదిలి వెళ్ళడం మంచిదని ప్రభుత్వమే చెప్పింది. ఆఫీసుల్ని లోపలి ఊళ్ళకి పంపేసారు, హైకోర్టు కోయంబత్తూరు వెళ్ళింది. బాంబు పడి బోన్లు విరిగితే ప్రమాదమని జూలో పులుల్ని, సింహాల్ని కాల్చి చంపేసారు. ముందురోజు దాకా కంగారొద్దన్న వాళ్ళు తెల్లారేసరికి సింహాల్ని కాలుస్తుంటే సామాన్యుడు ఏమనుకోవాలి? లక్షల మంది రైళ్ళ మీద పడ్డారు. మా అమ్మమ్మ వాళ్ళింటి బావి దగ్గర తేలింది వాళ్ళలో ఒక కుటుంబమే. ఆ వెళ్ళిపోయిన దండు మద్రాసు వైపు రానే లేదు. జపాను విమానం ఒకటి వచ్చి మద్రాసు రేవు మీద బాంబులు వెయ్యడం 1943 అక్టోబర్లో జరిగింది. అప్పటికి ఊరంతా వెనక్కి వచ్చేసి మామూలుగా బతుకుతోంది.

సరే, విశాఖ అయింది, కాకినాడ అయింది. కోస్తా వెంట ఇంకొంచెం దిగితే మా బందరు. మరి బందరు మీద ఎందుకు పడలేదు? మా అమ్మమ్మ జవాబు పాండురంగడి దయ అని. చిలకలపూడి పాండురంగడి మీద నాకు గౌరవమే గానీ, నా లెక్క వేరు. బందరులో కొట్టడానికి ఏమీ మిగల్లేదు, అంతే.

ఒకప్పుడు మచిలీపట్నం అంటే ప్రపంచానికి తెలిసిన రేవు. ఇంగ్లీషు వాళ్ళు 1611లోనే ఇక్కడ గిడ్డంగి పెట్టారు, డచ్చి వాళ్ళు వాళ్ళకన్నా ముందే వచ్చారు. కానీ కృష్ణ తెచ్చిన ఒండ్రుతో రేవు మేట వేస్తూ పోయింది, ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేసుకుని పడవల మీద సరుకు దించుకోవాల్సి వచ్చేది. 1864 నవంబర్ 1 నాటి ఉప్పెన దాదాపు ముప్ఫై వేల మందిని పొట్టన పెట్టుకుంది. 1933లో విశాఖలో లోతైన కొత్త రేవు తెరిచాక మా రేవు సంగతి అడిగేవాడే లేడు. పడుకున్న ఊరిని లేపి కొట్టే ఓపిక జపాను వాడికి మాత్రం ఎందుకుంటుంది? బందరు దురదృష్టమే ఆ ఒక్కసారికి అదృష్టమైంది.

మా వైపు జనానికి చావు ఆకాశం నుంచి రాలేదు, సముద్రం నుంచే వచ్చింది. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన సంగతి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. సర్కారు లెక్కల్లోనే పది వేల దాకా పోయారు. గాలివాన వస్తోందని రేడియోలో చెప్పకపోలేదు. కానీ గాలివానలు మా వాళ్ళకి కొత్తా? తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నారు. వచ్చేది గాలి కాదు నీళ్ళు, సముద్రమే లేచి మైళ్ళ కొద్దీ లోపలికి నడిచొస్తుంది, ఇంట్లో కూర్చోవడమే ప్రమాదం అని గుండెకి తగిలేలా చెప్పిన వాళ్ళు లేరు. రంగూన్‌లో దాక్కోవాల్సిన వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. దివిసీమలో వెళ్ళిపోవాల్సిన వాళ్ళు ఇంట్లో దాక్కున్నారు. చేసిన పని తిరగేసి ఉంది, కారణం మాత్రం ఒక్కటే. ఏం రాబోతోందో, అది వస్తే ఏం చెయ్యాలో వాళ్ళకి ముందుగా ఎవరూ నేర్పలేదు.

ఇక్కడే మా డెల్టా గురించి నేను కాస్త గర్వపడే విషయం ఒకటుంది. 1977 తరవాత బందరులో తుఫాను రాడార్ వచ్చింది. ఇన్‌శాట్ ద్వారా నేరుగా తీరంలోని ఊళ్ళకి హెచ్చరికలు పంపే యంత్రాలు వచ్చాయి, తుఫాను షెల్టర్లు కట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, సముద్రం ఎంత ఎత్తున రాగలదో ప్రతి ఇంట్లోనూ తెలిసిన మనిషి ఒకరున్నారు. 1990 మే 9న మళ్ళీ కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లోనే అంతటి తుఫానూ తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యి లోపు. అది కూడా తక్కువని అనను. కానీ 1977కీ 1990కీ మధ్య సముద్రం మారలేదు, గాలి మారలేదు. జనానికి నిజం ముందుగా చెప్పడం, చెప్పినదాన్ని జనం నమ్మడం అనే రెండే మారాయి. ఈ రెండూ ఒక్క రాత్రిలో రావు. ఒకసారి అబద్ధం చెప్తే మాత్రం ఒక్క రాత్రిలో పోతాయి.

"ఎప్పుడో 80 ఏళ్ళ నాటి గొడవ మనకెందుకోయ్" అంటారా? విశాఖ వాళ్ళనడిగితే 1971 డిసెంబర్ గురించి చెప్తారు. లైట్లు ఆర్పేసుకుని కూర్చున్న రాత్రుల్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వాళ్ళ రేవు బయట మునిగిపోయింది. ఇక మా వైపు సంగతి. 1942లో మమ్మల్ని కాపాడిన ఆ "ఏమీ లేకపోవడం" ఇప్పుడు లేదు. 1926లో బందరులో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు చేసే ఫ్యాక్టరీ అది. గన్నవరంలో పెద్ద ఎయిర్‌పోర్టు ఉంది. బందరులో కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. 2025 మే 2న దివిసీమలో, నాగాయలంక దగ్గర, క్షిపణుల పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. తేదీ చూసారా? సరిగ్గా అయిదు రోజుల తరవాతే సైరన్లు మోగాయి. రేవు రావాలనీ, ఉద్యోగాలు రావాలనీ మా ఊరు ఎన్నేళ్ళుగానో ఎదురు చూస్తోంది, నేనూ వద్దనను. మ్యాపులో చోటు కావాలని అడిగాం, వస్తోంది. మ్యాపు మనవాళ్ళు ఒక్కళ్ళే చూడరు కదా. అంతే నేననేది.

అందుకని నవ్వేసి ఊరుకోకుండా ఈసారి చిన్న పనులు చేసాను. ఏదైనా జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఫోన్లు పనిచెయ్యకపోతే ఎక్కడ కలుసుకోవాలి, ఎవరి మాట నమ్మాలి అని మా ఇంట్లో వాళ్ళందరికీ ఒక కాగితం రాసిచ్చాను. ఆఫీసులో సర్వర్లకి డిజాస్టర్ రికవరీ ప్లాను ఏడాదికి రెండుసార్లు టెస్టు చేస్తాం, అమ్మానాన్నలకి చెయ్యకపోతే ఎలా? ఫార్వర్డు వస్తే ఎవరు చెప్పారని అడుగుతున్నాను. "అందరూ అన్నారు" అన్న జవాబు వస్తే అక్కడితో ఆపేస్తున్నాను. మా ఫ్యామిలీ గ్రూపులో నా పాపులారిటీ కొంచెం తగ్గింది, పర్లేదు.

ఇంకోసారి సైరన్ మోగితే మ్యూట్ తీసి, హెడ్‌ఫోన్లు పక్కన పడేసి, బాల్కనీలోకి వెళ్ళి చూద్దామని అనుకున్నాను. కాదు కాదు. రంగూన్‌లో జనం చేసింది అదే. కిటికీకి దూరంగా, లోపలే ఉంటాను.